కోచ్ గారూ, మీరు ఏ ఆట ఆడారు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో కూర్చున్న సీనియర్లకు, వెనక వరసల్లో అప్పటి క్లాసులో లాగే ఇప్పటికీ గుసగుసలాడుకుంటున్న నా 1986 బ్యాచ్ మిత్రులకు నమస్కారం.

సభల్లో మాట్లాడటం నాకు అలవాటు లేదు. ముప్పై ఏళ్ళుగా కాల్వలు, కల్వర్టులు కట్టించడమే నా పని. క్రీడా కమిటీ తరఫున పది నిమిషాలు మాట్లాడమని అధ్యక్షుల వారు అన్నప్పుడు, పాత మ్యాచ్‌ల ముచ్చట్లు చెప్పి దిగిపోదామనుకున్నాను. కానీ చెప్పాల్సింది వేరే ఉంది. మన చుట్టుపక్కల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న కోచ్‌ల గురించి, వాళ్ళు ఏ ఆట ఆడి వచ్చారన్న దాని గురించి. అందులో నేను చేసిన పొరపాటు కూడా ఒకటి ఉంది. అది మీరిచ్చిన చందా డబ్బుతో చేసిన పొరపాటు. అందుకే మీ ముందే ఒప్పుకోవాలి.

రెండేళ్ళ కింద మన సంఘం బడికి ఒక ఫుట్‌బాల్ కోచ్‌ను పెడదామని తీర్మానించింది. ఎంపిక బాధ్యత నాకు అప్పగించారు. ముగ్గురు వచ్చారు. నేను ఇంజనీర్ని కదా, టెండర్లకు వేసినట్టే ఒక పట్టిక వేశాను. ఏ స్థాయిలో ఆడారు అన్నదానికి యాభై మార్కులు, సర్టిఫికెట్లకు ముప్పై, అనుభవానికి ఇరవై. మొదటి ఆయన రాష్ట్ర జట్టు క్యాంపు దాకా వెళ్ళిన ఆటగాడు. రెండో ఆయన పోలీసు జట్టులో గోల్‌కీపర్‌గా చేసి రిటైరైన మనిషి. మూడో ఆమె ఖో ఖో క్రీడాకారిణి. వ్యాయామ విద్యలో డిగ్రీ ఉంది కానీ ఫుట్‌బాల్ ఏ జట్టుకూ ఆడలేదు. మొదటి గడిలో ఆమెకు సున్నా వేశాను. కనీసం గ్రౌండ్‌లో ఎలా నేర్పుతుందో ఒక్కరోజు కూడా చూడలేదు.

మనందరిలోనూ ఒక నమ్మకం నాటుకుపోయింది. దానికి మన ఊరే కారణం. పుల్లెల గోపీచంద్ గారు 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు, తర్వాత గచ్చిబౌలిలో అకాడమీ పెట్టి సైనాను, సింధును ఒలింపిక్ పతకాల దాకా నడిపించారు. ఆయన్ను చూసి గొప్ప ఆటగాడే గొప్ప గురువు అవుతాడని మనం లెక్క కట్టేశాం. నేనూ అదే లెక్కతో మొదటి ఆయన్ను తీసుకున్నాను.

ఆయన మంచి ఆటగాడు. అందులో సందేహం లేదు. మొదటి రోజు బంతిని కాలి మీద నిలబెడితే పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. జూన్‌లో నలభై మంది చేరారు. దసరా సెలవులు అయ్యేసరికి పద్నాలుగు మంది మిగిలారు. చదువుల ఒత్తిడి అనుకున్నాను, ట్యూషన్లు అనుకున్నాను. ఒక సాయంత్రం విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ దగ్గర ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు కనిపించాడు. వాళ్ళ నాన్న పండ్ల మార్కెట్‌లో హమాలీ. 2021లో మార్కెట్ మన కొత్తపేట నుంచి బాటసింగారం పోయాక ఆయన రాత్రే బయల్దేరి వెళ్తాడు. వీడు తెల్లవారుజామున తనంతట తానే లేచి గ్రౌండ్‌కు వచ్చేవాడు. అలాంటివాడు మానేశాడు. "ఏం బాబూ, ఎందుకు వస్తలేవు?" అని అడిగాను.

"నాకు బాల్ రాదు సార్. బయటికి పోయిన బాల్ తెచ్చుడే నా పని" అన్నాడు.

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి గ్రౌండ్ పక్కన గంటసేపు నిలబడ్డాను. కోచ్ గారు పదకొండు మందితో పనిచేస్తున్నారు. మిగిలినవాళ్ళు గీత బయట నిలబడి ఉన్నారు. ఆయన తప్పేం లేదు. ఆయన పెద్దల జట్టులో పెరిగిన మనిషి. అక్కడ పదకొండు మందిని గెలిపించడమే పని. ఇప్పుడు ఒక క్లబ్ సీనియర్ జట్టుకు నేర్పుతున్నారు, అక్కడ బాగా చేస్తున్నారని విన్నాను. తప్పు ఆయన్ను ఈ పనికి ఎంచిన నాది.

తర్వాత కొన్ని ఆదివారాలు సరూర్‌నగర్, ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు పిల్లలు ఆడే ఖాళీ జాగాలన్నీ తిరిగాను. ఒక్కో కోచ్‌ను ఒకే ప్రశ్న అడిగాను: "మీరు ఏ ఆట ఆడారు?" ఒకాయన హాకీ ఆడి వచ్చాడు. ఒకాయన ఎనిమిది వందల మీటర్ల పరుగు. ఇంకొక కుర్రాడు ఇంజనీరింగ్ చదువుతూ డి లైసెన్స్ తీసుకున్నాడు, కాలేజీ జట్టు దాటి ఆడలేదు. నేను సున్నా వేసిన ఖో ఖో మేడం కూడా ఒక కాలనీ పార్కులో పాతిక మంది పిల్లలతో కనిపించింది.

ఒక్కొక్కరి పాత ఆట వాళ్ళ పాఠంలో కనిపిస్తుంది. హాకీ ఆడినాయన బంతి దగ్గరకు అందరూ గుమిగూడితే ఒప్పుకోడు, ఖాళీ చూసి నిలబడమంటాడు. పరుగు నుంచి వచ్చినాయనకు పిల్లవాడు ఎప్పుడు అలసిపోయాడో, ఎంతసేపు కూర్చోబెట్టాలో ముఖం చూస్తేనే తెలుస్తుంది. మేడం అయితే డిఫెండర్లకు ఖో ఖో పాఠమే చెప్తున్నది. తరిమేవాడి భుజం ఎటు తిరుగుతున్నదో చూసి తప్పించుకోవడం ఖో ఖోలో ప్రాణం. ఇక్కడ బంతిని చూసి మోసపోకు, ఎదుటివాడి నడుము చూడు అంటుంది. అయితే తనకు రానివి దాచుకోదు. గోల్‌కీపింగ్ నేర్పడానికి నా పట్టికలో రెండో స్థానంలో నిలిచిన ఆ పోలీసు గోల్‌కీపర్ గారినే నెలకు రెండుసార్లు పిలిపించుకుంటున్నది. నేను పోటీ పెట్టిన ఇద్దరూ కలిసి పనిచేస్తున్నారు!

ఆమె గ్రౌండ్‌లో ఇరవై రెండు మంది ఒకే బంతి వెంట పడరు. నలుగురికి నలుగురు, చిన్న చిన్న గోల్స్. అక్కడ నా ఇంజనీరు బుర్ర పనిచేసింది. గంట ఆటలో ఇరవై రెండు మందికి ఒక్క బంతి ఉంటే, అది ఒక్క క్షణం బయటికి పోకపోయినా ఒక్కొక్కరి వాటా మూడు నిమిషాల లోపే. ఎనిమిది మందికి ఒక బంతి ఉంటే ఏడున్నర నిమిషాలు. నిజానికి పెద్ద ఆటలో ఆ మూడు నిమిషాలు కూడా సమానంగా పంచబడవు. వచ్చినవాడికే మళ్ళీ మళ్ళీ వస్తుంది, రానివాడు బయటికి పోయిన బంతి తెస్తాడు. నీళ్ళ పంపిణీలో చివరి ఆయకట్టు రైతు గోడు ముప్పై ఏళ్ళుగా వింటున్న నాకు ఇది గ్రౌండ్‌లో తట్టకపోవడం సిగ్గుచేటు.

మిత్రులారా, ఇది కొత్త విద్య కాదు. మన ఊరి విద్యే. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పేరు మీలో చాలామంది సినిమా వచ్చాక విని ఉంటారు. ఆయన బడి పంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, మనకు కూతవేటు దూరంలో ఉన్న చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. యూనివర్సిటీకి, స్థానిక క్లబ్బులకు ఆడారే తప్ప దేశం తరఫున ఆడిన ఆటగాడు కాదు. నా పట్టికలో ఆయనకు కూడా యాభైకి పది మార్కులు దాటేవి కావు. ఆయన కోచ్‌గా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన చేతి కింద భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా ఫైనల్లో, తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరసలో ఆడించారు. ఆయన గోల్ కొట్టాడు, మనం కొరియా మీద 2-1తో గెలిచాం. ఆ మరుసటి ఏడాదే రహీం సాబ్ కేన్సర్‌తో కన్నుమూశారు.

నాకు వాటికంటే ముఖ్యంగా తోచింది ఇంకొకటి. వాటం లేని కాలితోనే ఆడాలని ఆయన హైదరాబాద్‌లో టోర్నమెంట్లు పెట్టేవారు. అలాంటి పోటీలో అందరికంటే గొప్పవాడు కూడా తడబడతాడు. తడబడేవాడికి నేర్చుకునే వీలు దొరుకుతుంది. బడిలో వెనక బెంచీని చూసిన పంతులుకే అలాంటి ఆలోచన వస్తుందని నాకు అనిపిస్తుంది.

అంటే గొప్పగా ఆడినవాళ్ళు నేర్పలేరని కాదు. మన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్, తర్వాత దేశానికే కోచ్, ద్రోణాచార్య గ్రహీత. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మన హబీబ్ తర్వాత జంషెడ్‌పూర్ టాటా అకాడమీలో పిల్లలకు నేర్పారు. షబ్బీర్ అలీ కోచ్‌గా సాల్గావ్‌కర్ జట్టు జాతీయ లీగ్ గెలిచింది. అటు ఇటలీలో చూస్తే అరిగో సాకీ ఒకప్పుడు బూట్ల వ్యాపారంలో ఉన్న మనిషి, ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆయన మిలాన్ జట్టు 1989లోనూ 1990లోనూ యూరోపియన్ కప్ గెలిచింది. రెండు దార్లలోనూ మంచి గురువులు వచ్చారు. కాబట్టి ఏ ఆట ఆడారని అడగాలి, కానీ అక్కడే ఆగిపోకూడదు. వచ్చిన నలభై మందిలో చివరివాడితో మీరేం చేస్తారని అడగాలి. నా పట్టికలో ఆ గడి లేదు.

ఇదంతా నాకు ముందే తెలిసి ఉండాలి. ఎందుకంటే మన పీఈటీ సార్ కబడ్డీ ఆటగాడు. నేను ఏడో తరగతిలో ఉండగా జిల్లా పోటీలకు ఫుట్‌బాల్ జట్టు పంపాలని బడికి కాగితం వచ్చింది. సార్ మా అందరినీ వేపచెట్టు కింద కూర్చోబెట్టి, "ఈ ఆట నాకు రాదురా. మీతోపాటే నేర్చుకుంటా" అన్నారు. ఒక మాస్టారు తనకు రాదని చెప్పడం నేను విన్నది అదే మొదటిసారి. ఆదివారం సిటీ బస్సులో లాల్ బహదూర్ స్టేడియంకు తీసుకుపోయి మ్యాచ్‌లు చూపించేవారు. చూస్తూ నోట్‌బుక్‌లో రాసుకునేవారు. మేం ఎన్నడూ కప్పు గెలవలేదు. అయినా సార్ ప్రతి మ్యాచ్‌లో పదిహేను మందినీ ఆడించేవారు. అందరికంటే నెమ్మదిగా పరుగెత్తే నన్ను లెఫ్ట్ బ్యాక్‌లో పెట్టి, "నువ్వు పరుగెత్తకురా, ముందే చేరుకో" అని చెప్పారు. ముప్పై ఏళ్ళు కాల్వల పనిలో, వరద రాకముందే గట్టు మీద నిలబడాలని నేర్చుకున్నది ఆ మాటతోనే. సార్ ఇవాళ మన మధ్య లేరు. ఉంటే నా పట్టిక చూసి నవ్వేవారు.

2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు మనమంతా సంబరపడ్డాం. ఇప్పుడు ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. పెద్ద జట్లు వస్తుంటాయి, పోతుంటాయి. బడి గ్రౌండ్ మాత్రం ఉంటుంది, పొద్దున ఆరింటికి గేటు తీసే మనిషి ఉంటే.

పోయిన జూన్ నుంచి ఆ ఖో ఖో మేడం మన బడికి వస్తున్నారు. ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగి మరీ పిలిచాను. "మార్కుల సంగతి వదిలేయండి సార్, ముందు పది బంతులు కొనిపించండి" అన్నారు. ఇప్పుడు ముప్పై ఒక్కమంది పిల్లలు, అందులో తొమ్మిది మంది ఆడపిల్లలు. ఆ హమాలీ గారి అబ్బాయి వెంటనే రాలేదు. రెండు నెలలు గోడ మీద కూర్చుని చూశాడు, మూడో నెలలో దిగాడు. జోనల్ పోటీల్లో మన జట్టు మొదటి రౌండ్‌లోనే ఓడింది. నిజం చెప్పాలి కదా!

చివరిగా ఒక్క మనవి. స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర పాలరాతి కమాను కట్టాలన్న ప్రతిపాదన ఉంది. నేను కట్టడాల మనిషిని, కమాను అంటే నాకూ ఇష్టమే. కానీ ఆ డబ్బులో సగం మూడు పనులకు అడుగుతున్నాను. ఒకటి, మేడంకు నెలనెలా ఠంచనుగా జీతం. రెండు, ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్స్‌కు, ఆ తర్వాత సి లైసెన్స్‌కు ఆమెను పంపే ఖర్చు. ఆటలో ఆమెకున్న లోటు పూడేది అక్కడే, మంచి మనసు ఒక్కటే చాలదు. మూడు, ఇకమీదట కోచ్‌ను తీసుకునే ముందు పిల్లలతో వారం రోజులు గ్రౌండ్‌లో పనిచేయించి చూడాలన్న నియమం, పాత ఉద్యోగాల్లో పిల్లలతో ఎలా మసలుకున్నారో విచారించే బాధ్యత. మూడో దానికి డబ్బు అక్కర్లేదు, మనలో ఇద్దరు పొద్దున్నే లేస్తే చాలు. ఒకడిగా నా పేరు రాసుకోండి. రెండో పేరు వెనక వరసలో గుసగుసలాడుతున్న మా బ్యాచ్ నుంచి రావాలని కోరుకుంటున్నాను.