వేషమును, అన్వేషణమును



తెలుగువారికి వేషము క్రొత్త కాదు. మన సంఘములు ‘భువనవిజయము’ ప్రదర్శించునపుడు ఆఫీసు గుమాస్తా తెనాలి రామకృష్ణుడగును. ఆడిటు అధికారి రాయలవారగును. ఎన్నడును నోరు మెదపని మనిషి తలపాగా చుట్టినంతనే ఆశువుగా చమత్కరించుట చూచి ఇంటివారే నివ్వెరపోవుదురు. ఆ మాటకారితనము ఆయనలో ముందునుండియు ఉన్నదే. వేషము దానికి వాకిలి తెరచినది. కంప్యూటరులో పదిమందితో కలసి ఆడు పాత్రధారణ క్రీడల ఆకర్షణ కూడ ఇట్టిదే.

1978లో ఇంగ్లండునందలి ఎసెక్సు విశ్వవిద్యాలయ విద్యార్థి రాయ్ ట్రబ్‌షా ‘మడ్’ అను క్రీడను ఆరంభించెను. సహవిద్యార్థి రిచర్డ్ బార్టిల్ దానిని పెంపొందించెను. అందు బొమ్మ యొక్కటియు లేదు. చోటు ఎట్టిదో తెరపై వాక్యములలో కనబడును. ఉత్తరమునకు పోదునని వ్రాసినచో మరియొక వాక్యము, మరియొక చోటు! పురాణ కాలక్షేపమున కన్నులు మూసికొని అయోధ్యను చూచిన మనవారికి ఇది వింత కాదు.

ఆటగాండ్రు నాలుగు తెగలని బార్టిల్ 1996లో వ్రాసెను: గెలుపు కోరువారు, స్నేహము కోరువారు, ఇతరులను వేధించువారు, అన్వేషకులు. అన్వేషకునికి బంగారముతో పని లేదు. కొండ వెనుక ఏమున్నదో తెలియవలెను. 1999లో వెలువడిన ‘ఎవర్‌క్వెస్ట్’ తొలిదినములలో వానికి పటము కూడ లేదు. మానవపాత్రకు రాత్రివేళ కన్ను కానదు. అడవిలో చచ్చినచో సొత్తంతయు శవము కడనే నిలిచిపోవును. దానికై మరల ఆ చీకటిలోనికే పోవలెను. తాను పిరికివాడో, ముక్కు మొగము తెలియనివాని కొరకు కూడ వెనుదిరిగి పోగలవాడో అచ్చట బయటపడును. నేటి క్రీడలు పెక్కు బాణపు గుర్తుతో దారి చూపును. అది సౌకర్యమే కాని, దారి తప్పు భాగ్యము దక్కదు.

ఈ దీవుల కథ వేరు. 2020 ఆగస్టు 10వ తేదీన చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు ప్రారంభమగువరకు ఇచ్చటి ఇంటర్నెట్టుకు ఉపగ్రహమే ఆధారము. సంకేతము 36,000 కిలోమీటర్ల యెత్తునకు పోయి దిగి, బదులు మరల అట్లే వచ్చుటకు అర్ధ సెకండు పట్టును. కత్తియుద్ధపు ఆటలో అర్ధ సెకండనిన చావే! వాక్యములతో నడచు పాత క్రీడకు మాత్రము అది లెక్కలోనిది కాదు.

2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురమైనది. తల్లిదండ్రుల ఫిర్యాదు మాత్రము మారలేదు. చుట్టును కడలి, అడవి యుండగా పిల్లవాడు తెరలోని అడవిలో తిరుగుటేల? ప్రశ్న న్యాయమైనదే. చదువు, నిద్ర చెడినచో ఆట మాన్పింపవలసినదే. కాని ఇచ్చటి అడవులన్నియు తిరుగదగినవి కావు. జారవాల రక్షిత ప్రాంతమున అనుమతి లేనిదే అడుగిడరాదు. ఉత్తర సెంటినెల్ దీవికి 5 నాటికల్ మైళ్ళ లోపల చేరరాదు; 2018 నవంబరులో ఆ కట్టడిని మీరిన అమెరికా యువకుడొకడు ప్రాణములు కోల్పోయెను. ఒరుల ఇల్లు తొక్కకుండ వింతలు వెదకుటకును ఒక చోటు ఉండవలెను గదా!

బదిలీలపై తిరుగు ఉద్యోగుల బిడ్డలు కొన్నియేండ్లకొక పాఠశాలను, స్నేహితులను విడిచి కదలుచుందురు. తెరలోని ఊరికి బదిలీ లేదు. విశాఖలో విడిచిన మిత్రుడు సాయంకాలము అదే సత్రమున కలియును. తండ్రి ఒకనాడు ప్రక్కన కూర్చుండి, “ఆ కొండ వెనుక ఏమున్నదిరా?” అని అడిగి చూడవలెను. కొడుకు అన్నము చల్లారువరకు చెప్పుచునే యుండును.