వ్రాయువారు పెక్కురు, సరిచూచువారు కొందరు

పట్టభద్రులైన యువతీయువకులారా!

శంకర్‌పల్లి మండలమందలి దొంతన్‌పల్లిలో నెలకొన్న యీ ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయమున మీరు నిర్వహణశాస్త్రమును, సాంకేతికవిద్యను, న్యాయశాస్త్రమును అభ్యసించితిరి. వేతనము, పదవి, ఆజ్ఞ అను మూడు సాధనములతో మనుష్యులచే పని చేయించుటయే నిర్వహణమని లోకము తలంచుచున్నది. ఆ మూడును తన చేతిలో లేనివాడు సైతము మహాకార్యమును నడుపగలడనుటకు, కోడ్‌ను ఎల్లరకు తెరచియుంచు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నిదర్శనము.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్స్ అను ఆపరేటింగ్ సిస్టమ్‌నకు నేడు నానాదేశములనుండి వేలాదిమంది మార్పులు పంపుచున్నారు. వారిలో పెక్కురకు జీతమిచ్చు సంస్థలు వేరువేరు. టోర్వాల్డ్స్ వారికి యజమాని కాడు. అయినను రెండు వారములు కొత్త మార్పులను స్వీకరించి, పిమ్మట ఏడెనిమిది వారములు దోషములనే దిద్దుచు, రమారమి తొమ్మిది పది వారములకొక కూర్పును వెలువరించు క్రమము చెక్కుచెదరక సాగుచున్నది. ఏ భాగమునకెవరు బాధ్యులో తెలుపు పట్టిక ఆ కోడ్‌తోడనే యుండును. సిద్ధముకాని మార్పు తరువాతి కూర్పుకై వేచియుండవలసినదే గాని, దానికొరకు కూర్పు ఆగదు. గడువులు తప్పుటయే ఆచారమైన మన కార్యాలయములకు ఈ యొక్క నియమమైన అబ్బిన బాగుండును!

ఇచట కొరవడునది కోడ్ కాదు, దానిని ఓపికతో చదివి సరిచూచు బాధ్యుని, అనగా మెయింటెయినర్ యొక్క కాలము. చెరువెంత నిండియున్నను మడికి తూము పట్టినంత నీరే పారును. ఆలస్యమైన పనికి మనుష్యులను చేర్చినచో అది మరింత ఆలస్యమగునని కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించెను. మన హైదరాబాదునందలి స్వేచ్ఛ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ తెలుగు కథలతో కృత్రిమమేధ నమూనాను రూపొందింపబూనినపుడు వేలాది ఇంజనీరింగు విద్యార్థులు చేయి కలిపిరి. అంతమంది కూడుట మనకు గర్వకారణమే, కాని యిట్టి పనిలో పుటలను పోగుచేయుటకంటె అందలి తప్పులను సరిచూచుటయే కష్టతరము.

సరిచూచువాడు ఒంటరియైనచో నేమగునో 2024 మార్చిలో లోకమెరిగినది. అసంఖ్యాకములైన లైనక్స్ యంత్రములలోనున్న ఎక్స్‌జెడ్ అను చిన్న సాధనమును చిరకాలము ఒక్కడే అలసి సొలసి కాపాడుచుండగా, సహాయకుని వేషమున వచ్చిన యొక అజ్ఞాతవ్యక్తి రెండేండ్లకు పైగా మంచిమార్పులు పంపి, నమ్మకము గడించి, బాధ్యత చేజిక్కించుకొని, తుదకు దొంగదారిని చొప్పించెను. లాగిన్ అగుటకు అర సెకను ఆలస్యమేల యగుచున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు శంకించి శోధింపకున్నచో, ఆ ద్రోహము ఎంత దూరము పోయెడిదో! పరిశోధింపుమని అతనిని ఎవరును ఆజ్ఞాపింపలేదు.

కావున మిత్రులారా, మీ పేరిట మరియొక కొత్త ప్రాజెక్టు తెరచుటకు త్వరపడకుడు. మీరు నిత్యము వాడు సాధనములలో నొకదానిని ఎన్నుకొని, అందు ఇతరులు పంపిన మార్పులను చదువుడు, పరీక్షింపుడు, దోషమున్న మర్యాదగా తెలుపుడు, తెలుగులో దాని వివరణము లేకున్న వ్రాయుడు. రేపు మీలో సంస్థల నధిష్ఠించువారు, తాము ఉచితముగా వాడుకొను కోడ్‌ను కాపాడువానికి జీతమిచ్చుటను సంవత్సరపు ఆయవ్యయములలో చేర్పుడు.