చెప్పుకోవలసిన నొప్పి
(తల్లిదండ్రుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



75 వసంతాల ఈ వేడుకలో పాఠశాల ఘనతను కొనియాడే పెద్దలు ఎందరో ఉన్నారు. నేను మాత్రం నలుగురిలో పలకడానికి సంకోచించే ఒక బాధను గురించి విన్నవించదలచాను. అది తోకఎముక నొప్పి.

కొన్నేళ్ల క్రితం వానలో మా యింటి మెట్లపై జారి చతికిలబడ్డాను. నిలబడి పాఠం చెప్పినంతసేపూ బాధ తెలిసేది కాదు; కూర్చున్నా, కూర్చుని లేచినా ప్రాణం విలవిలలాడేది. చోటు చెప్పడానికి సిగ్గుపడి, నడుము నొప్పి అని బొంకి, ఎనిమిది నెలలు అనుభవించాను.

వెన్నెముక చిట్టచివర మూడు నుండి ఐదు చిన్న పూసలతో ఏర్పడిన ఎముకను అనుత్రికం అంటారు. దాని ఆంగ్లనామం కాక్సిక్స్. కోకిల అనే అర్థంగల గ్రీకు పదం నుండి, ఆ పక్షి ముక్కును పోలి ఉన్నందున, ఆ పేరు వచ్చింది. ఈ నొప్పికి 1859లో వైద్యశాస్త్రంలో పేరు పెట్టినవాడు క్లోరోఫారంతో ప్రసిద్ధుడైన జేమ్స్ యంగ్ సింప్సన్. వెనుకకు వాలి కూర్చున్నప్పుడు శరీరభారం ఈ ఎముకపై పడుతుంది. క్రిందపడడం, ప్రసవం, గట్టి పీటలపై గంటల తరబడి కూర్చోవడం ముఖ్య కారణాలు. పురుషులకంటే స్త్రీలలో ఇది ఎన్నో రెట్లు అధికం. మన నగర్తపేట అంగళ్లలో ఉదయం మొదలు రాత్రివరకు కూర్చునే వర్తకులు, కుట్టుపని చేసే తల్లులు దీనిని గమనించాలి.

చికిత్స చాలావరకు సులభమే. దెబ్బ తగిలిన తొలిరోజులలో గుడ్డలో చుట్టిన మంచుగడ్డను, తరువాత గోరువెచ్చని కాపడాన్ని వాడవచ్చు. వెనుకభాగాన ఖాళీ వదలి కత్తిరించిన గట్టి స్పాంజి దిండుపై, కొంచెం ముందుకు వంగి కూర్చోవాలి. అరగంటకొకసారి లేవాలి. మలబద్ధకం రాకుండా నీరు, పీచుపదార్థాలు తీసుకోవాలి. అత్యధికులకు కొన్ని వారాలలోనో, నెలలలోనో శస్త్రచికిత్స లేకుండానే నయమవుతుంది. తగ్గకపోతే వ్యాయామ చికిత్స, సూదిమందు ఉన్నాయి. శస్త్రచికిత్స బహు కొద్దిమందికే. జ్వరం, చీము, కాళ్లలో తిమ్మిరి, మలమూత్రాలపై అదుపు తప్పడం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయక వైద్యుని చూడాలి.

గత సంవత్సరం ఏడవ తరగతి బాలిక ఒకతె, నల్లబల్ల కనబడడం లేదంటూ రెండు వారాలు చివరి వరుసలో నిలబడే పాఠం విన్నది. నా అనుభవమే నాకు కన్ను తెరిపించింది. ప్రక్కకు పిలిచి అడిగితే కన్నీళ్లతో చెప్పింది: ఆమె కూర్చోబోతుండగా స్నేహితురాలు వేళాకోళానికి ముక్కాలిపీట లాగివేసింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. తల్లి కుట్టి పంపిన దిండుపై కూర్చుని, సంక్రాంతి నాటికి అందరివలె వరుసలో చేరింది. పీట లాగిన పాపే ప్రతిరోజూ ఆ దిండును మోసుకొచ్చేది.

ఆనాటి నుండి మా ఉపాధ్యాయుల గదిలో అటువంటి దిండ్లు రెండు ఉంచాము. ప్రతి పీరియడు ముగియగానే పిల్లలందరూ లేచి నిలబడే నియమం పెట్టాము. కూర్చునేవారి క్రిందినుండి ఆసనం లాగడం పరిహాసం కాదని మీరు ఇంటిలో బోధించండి.

పిల్లలను బుద్ధిగా కూర్చోమని చెప్పే మనం, కూర్చోలేని బిడ్డను "ఎందుకమ్మా?" అని ఒక్కమాట అడుగుదాం. అడిగితేనే చెబుతారు. సెలవు.