బూరన్న పడక

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన నకారా తీర్పు పుణ్యమా అని ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాము. ఆ తీర్పు గురించి, డి.ఏ. గురించి, వైద్య సదుపాయాల గురించి నాకన్న ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నాతో, "రిటైరయ్యాక మీకు అనుభవమైనది, నలుగురికీ పనికి వచ్చేది ఏదైనా పది నిమిషాలు చెప్పండి" అన్నారు. ఈ నాలుగేళ్ళలో నేను క్షుణ్ణంగా తెలుసుకున్నది ఒక్కటే. కొరికే కుక్కకు తక్కువ ఖర్చులో నిలిచే పడక ఎలా అమర్చాలి అని. నవ్వకండి. పిల్లలు ఉద్యోగాలకు వెళ్తూ మనకు అప్పగించిన కుక్కలు ఈ హాల్లో చాలామంది ఇళ్ళల్లో ఉన్నాయని నాకు తెలుసు.

మా అబ్బాయి 2021లో అమెరికా వెళ్తూ పది నెలల కుక్కను ఏలూరు తెచ్చి మాకు వదిలాడు. లాబ్రడార్ కలిసిన జాతి. వాడు పెట్టిన పేరు బ్రూనో. మా ఆవిడ నోట అది వారం తిరక్కుండా బూరన్న అయింది. నేను 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయిన మనిషిని, నాకు ఇప్పుడు డెబ్బై అయిదు. ముప్పై కిలోల కుక్కను సాకటం నా సర్వీసు రూల్సులో లేదు.

వరండాలో నాపరాళ్ళ మీద పడుకుని పడుకుని వాడి మోచేతుల దగ్గర జుట్టు ఊడి, చర్మం కాయ కాసింది. పశువుల డాక్టరు గారు చూసి, బరువైన కుక్కలకు గట్టి నేల మీద ఇలాగే అవుతుందని, అలాగే వదిలేస్తే అక్కడ నీరు చేరి వాస్తుందని చెప్పారు. ఏదైనా మెత్తనిది వేయమన్నారు. సంగతి ఫోనులో చెప్పగానే మా అబ్బాయి అక్కడినుంచే రెండు వేల నాలుగు వందల రూపాయల స్పాంజి పరుపు పంపించాడు. జిప్పు, గుండీలు, అన్నీ ఉన్నాయి. రెండో రోజు మధ్యాహ్నం నేను సంఘం ఆఫీసు నుంచి వచ్చేసరికి వరండా అంతా బూరుగు కాయలు పగిలినట్టుంది. దాని నడుమ బూరన్న తోక ఆడిస్తూ కూర్చున్నాడు.

తరువాత ఇంట్లో ఉన్న పాత దూది పరుపును చిన్నది చేయించి, ముతక గుడ్డ గలీబు కుట్టించాను. ఆరు వందలయింది. తొమ్మిది రోజులు ఆగింది. ఎవరో కారం చల్లమన్నారు. చల్లాను. కుక్క ఒకసారి తుమ్మింది, మా ఆవిడ రోజంతా తుమ్మింది. ఫినాయిలు పూయమన్నవారు కూడా ఉన్నారు. అది మాత్రం ఎవరూ చేయకండి. నాకితే కుక్కకు విషం.

ఇక మూడోది చెప్పడానికి నాకు కొంచెం కష్టంగా ఉంది. మా అత్తగారు తన పాత నేత చీరలతో కుట్టిన బొంత ఒకటి మా ఇంట్లో ఉండేది. ఆమె పోయి ఇరవై ఏళ్ళు. చలికాలం, కుక్కకు వెచ్చగా ఉంటుందని మా ఆవిడే దాన్ని తీసి వేసింది. వారం రోజులు వాడు దాన్ని ముట్టలేదు. ఎనిమిదో రోజు ఒక మూల పీలికలయింది. పీలికలన్నీ ఏరి పారేశాము. వాటిలో కొన్ని వాడి కడుపులో ఉన్నాయని మాకు తోచలేదు.

ఆ సాయంత్రం నుంచి వాంతులు. అన్నం ముట్టడు. "ఏమండీ, డాక్టరు దగ్గరకు తీసుకువెళదాం" అంది మా ఆవిడ. బల్లినో దేన్నో తిని ఉంటాడు, రేపు చూద్దాం అన్నాను. ఫైలు పెండింగులో పెట్టే అలవాటు ముప్పై ఏళ్ళది, ఒక్కరోజులో పోతుందా? మరునాటికి విరోచనం లేదు, పొట్ట మీద చెయ్యి వేస్తే మూలుగుతున్నాడు. విజయవాడ తీసుకువెళ్ళి ఆపరేషన్ చేయించాము. బొంత కుట్టిన దారం పేగులో చిక్కుకుంది. అక్కడి డాక్టరు గారు నాకు అర్థమయ్యేలా చెప్పారు. పైజమా బొందు లాగితే గుడ్డ ఎలా కుచ్చిళ్ళు పడుతుందో, దారం ఒక కొస పట్టుకుని ఉంటే పేగు దాని వెంట అలా ముడుచుకుపోతుందట, ఆ దారమే పేగును కోసేస్తుందట. నోటినుంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే పట్టి లాగవద్దని, అలాగే డాక్టరు దగ్గరకు తీసుకురమ్మని చెప్పారు. ఇంకొక రోజు ఆలస్యమైతే ఏమయ్యేదని నేను అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు.

ఇరవై రెండు వేలు ఖర్చయింది. మా ఆవిడ పోస్టాఫీసులో తన పేర ఉన్న సొమ్ము తీసి ఇచ్చింది. అబ్బాయి ఫోను చేసి, "నాన్నా, మీకెందుకీ శ్రమ, ఎవరికైనా ఇచ్చేయండి" అన్నాడు. నేను సరే అనబోయాను. ఆమె ఫోను తీసుకుని, "బొంత మా అమ్మది, తిన్నవాడు మనవాడు. ఎవరిమీద కోపగించుకోను?" అంది. ఆ మాటతో ఇచ్చేయడమన్న ప్రసక్తి ముగిసింది. ఇక పడక సంగతి నా మీద పడింది.

నేను గుమాస్తాను. నాకు తెలిసిన విద్య రిజిస్టరు పెట్టడం. కుట్లు మానాక ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీశాను. తేదీ, వేళ, కొరికిన వస్తువు, ఎక్కడ మొదలుపెట్టాడు, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు. ఇరవై ఆరు రోజుల్లో పద్నాలుగు నమోదులు వచ్చాయి. పన్నెండు నమోదుల్లో ఇంట్లో ఎవరూ లేరు. అందులోనూ ఎక్కువ భాగం ఉదయం పదికి, ఒంటి గంటకు మధ్య. అంటే నేను మన సంఘం ఆఫీసులో ఉన్న వేళ, మా ఆవిడ గుడిలోనో పొరుగింట్లోనో ఉన్న వేళ. పళ్ళు వచ్చే కుక్కపిల్లలు కొరుకుతాయని అందరికీ తెలుసు. పాలపళ్ళు నాలుగో నెలలో ఊడటం మొదలై ఆరేడు నెలలకు అసలు పళ్ళు వచ్చేస్తాయి. మావాడికి ఆ వయసు ఎప్పుడో దాటింది. ఒంటరిగా ఉండలేక కొరుకుతున్నాడన్నమాట. ఇంకొక గడి కూడా చూడండి. పద్నాలుగు సార్లూ మొదలుపెట్టింది మూల దగ్గరో, కుట్టు దగ్గరో, జిప్పు దగ్గరో. బల్లపరుపుగా ఉన్నచోట ఒక్కసారీ లేదు. పంటికి అంచు దొరకాలి.

అది తెలిశాక పని తేలికయింది. అంచు లేని పడక కావాలి. నవారు అల్లిన చిన్న మంచం చూశాను, అల్లిక అంతా అంచులే. నులక మంచం సరేసరి. చివరకు వెల్డింగు షాపులో అంగుళం చదరపు ఇనుప పైపుతో మూడున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అరడుగు ఎత్తు చట్రం చేయించాను. దాని మీద లారీలకు కప్పే కాన్వాసు గుడ్డ బిగించాము. గుడ్డ అంచుల్ని పైపు కిందికి మడిచి, అడుగున ఇనుప బద్ద పెట్టి బోల్టులు వేయించాను. పైన ఎక్కడా కుట్టు లేదు, కొస లేదు. డోలు చర్మంలా బిగువుగా ఉండాలి, వదులైతే పంటికి దొరుకుతుంది. మూడు వారాలకు కొంచెం జారింది, బోల్టులు విప్పి మళ్ళీ లాగి బిగించాను. వెల్డింగు గరుకులు అరగదీయించండి, రంగు పూర్తిగా ఆరేదాకా కుక్కను ఎక్కనివ్వకండి. కాళ్ళకు రబ్బరు బూట్లు వేయిస్తానన్నాడు షాపతను. వద్దన్నాను, అవి మొదటి రోజే పోతాయి.

చట్రానికి పదకొండు వందలు, గుడ్డకు మూడు వందల యాభై. 2022 ఏప్రిల్లో చేయించాను. గుడ్డ ఒక్కసారి మార్చాము. నాలుగో ఏడు నడుస్తోంది. కంపారటివ్ స్టేట్‌మెంట్ వేసి చూపించమంటే, స్పాంజి పరుపు రోజుకు పన్నెండు వందలు, ఇది రోజుకు రూపాయిన్నర లోపు. గుడ్డ ఒంటి బరువుకు కొద్దిగా సాగి లేస్తుంది గనుక మోచేతికి రాయి తగలదు. కాయలు మెత్తబడి జుట్టు వచ్చింది. కింద గాలి ఆడుతుంది, మన ఎండాకాలానికి హాయి. పిడుదులు దాక్కునే దూది లేదు, నీళ్ళతో కడిగితే చాలు.

చలికాలం మాత్రం పైన ఏదైనా వేయాలి. ఇక్కడ నా సర్వీసు పనికి వచ్చింది. నేను పౌర సరఫరాల శాఖలో పనిచేశాను. బియ్యం లెక్క ఒక ఎత్తు, ఖాళీ గోనెల లెక్క ఒక ఎత్తు. ధాన్యం వంటి సరుకుల్ని జనపనార సంచుల్లో నింపడం తప్పనిసరి చేస్తూ కేంద్రం 1987లో చట్టం చేసింది. యాభై కిలోల సంచి 94 సెంటీమీటర్ల పొడవు, 57 సెంటీమీటర్ల వెడల్పు, 580 గ్రాముల తూకం. రెండు సంచులు పక్కపక్కన పెట్టి దబ్బనంతో, పురికొసతో కలిపితే పెద్ద కుక్కకు సరిపోతుంది. కొత్త గోనెకు నూనె వాసన ఉంటుంది. మిల్లులో నారను మెత్తబరచడానికి నూనె చల్లుతారు. కడిగి నాలుగు రోజులు ఎండబెట్టాలి. ఒక్క జాగ్రత్త. గోనె కూడా పీలికలవుతుంది, పురికొస కూడా దారమే. అందుచేత మేము ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడే అది మంచం మీద ఉంటుంది. పడుకునేటప్పుడు, బయటికి వెళ్ళేటప్పుడు తీసి అటక మీద పడేస్తాము. వరండాలో చలిగాలి తగలకుండా రాత్రిళ్ళు మంచాన్ని హాల్లోకి జరుపుతాము. ప్లాస్టిక్ బియ్యం సంచులు మాత్రం దగ్గరకు రానివ్వకండి, ఆ పోగులు మరీ ప్రమాదం.

కొరకడానికి వాడికి వేరే వస్తువు ఇచ్చాము. లోపల బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మ. గొంతులో పట్టనంత పెద్దది. అందులో పెరుగన్నం కుక్కి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, నేను చెప్పులు వేసుకునే వేళకు ఇస్తాము. గంటసేపు దానితోనే సరి. ఉడికించిన ఎముకలు వేయము, అవి చీలి గుచ్చుకుంటాయి. వేకువన అయిదున్నరకు కాలవ గట్టు దాకా నడిపించి తీసుకువస్తాను. అది నా షుగరుకూ మంచిదయింది. మా ఆవిడ గుడి వేళ మార్చుకుంది, నేను ఆఫీసు నుంచి పన్నెండున్నరకే లేచి వస్తున్నాను. జాయింట్ సెక్రటరీ త్వరగా వెళ్ళిపోతున్నాడని ఈ మధ్య కొందరు మిత్రులు అనుకుంటున్నట్టు నా చెవిన పడింది. కారణం ఇదీ.

బొంతలో చెడకుండా మిగిలిన ముక్కను మా ఆవిడ ఉతికి, చుట్టూ పట్టీ వేసి, బీరువాలో పెట్టుకుంది. బీరువాకు తాళం కూడా వేస్తుంది.

చట్రం కొలతలు, బోల్టుల లెక్క ఒక కాగితం మీద రాసి తెచ్చాను. కావలసినవారు టీ దగ్గర అడిగి ఎక్కించుకోండి. ఇప్పుడు పన్నెండు దాటింది. ఇంట్లో వాడొక్కడే ఉన్నాడు, మా ఆవిడ కూడా ఇక్కడే మూడో వరుసలో కూర్చుని ఉంది. మాకు సెలవిప్పించండి.