పాత కారుకు అసలు ఇంజను

పొలము కొనబోవువారు మొదట పైరు చూడరు, దస్తావేజులు చూతురు. అమ్మువారు ఎంత పెద్దమనుషులైనను, సరిహద్దు రాళ్ళు ఎంత చక్కగా నిలిచియున్నను, వెనుకటి లింకు దస్తావేజులు తెప్పించి, రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఈ. సి. తీయించి, పేర్లు, తేదీలు, సర్వే నంబర్లు ఒకదానితో నొకటి పొసగుచున్నవా అని సరిచూచుకొనుట మన యిండ్లలో తరతరముల అలవాటు. అట్లు అడుగుటవలన ఎవరికిని చిన్నతనము లేదు. ఇనుమునకు కూడ అట్టి దస్తావేజులుండునని, వానిని చదువ తెలియనివారు జీవితకాలపు పొదుపును ఒక్క మధ్యాహ్నములో పోగొట్టుకొనవచ్చునని ఇటీవల మాకు తెలియవచ్చినది. ఆ సంగతియే నేటి మా ప్రసంగ విషయము.

మా పెదనాన్నగారి కుమారులు అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున స్థిరపడినారు. విద్యార్థిగా ఆ దేశమున అడుగుపెట్టిన దినములనుండియు ఆయనకు 1967 నాటి షెవర్లే కార్వెట్ కారుపై మనసు. ఇల్లు కట్టుకొని, పిల్లల చదువులు ముగించి, ఇంజనీరు ఉద్యోగమునుండి విరమించిన పిదప ఆ కోరిక తీర్చుకొనదలచిరి. సమీప పట్టణమున ఒక వృద్ధుని యింట అట్టి కారు అమ్మకమునకు వచ్చినది. 427 ఘనపుటంగుళముల ఇంజను, 435 అశ్వశక్తి, కారుతోపాటు కర్మాగారమునుండి వచ్చిన అసలు ఇంజనే అని ప్రకటన. కారు మెరయుచున్నది. ఇంజను మ్రోత విన్నవారికి మరి సందేహ ముండదు. కాని అన్నగారు బయానా ఇచ్చుటకు ముందు ఒక చిన్న అద్దమును, చేతిదీపమును వెంటగొని మరల వెళ్ళిరి.

ఇంజను అసలుదైననేమి, కాకున్ననేమి, బండి నడచిన చాలదా అని శ్రోతలడుగవచ్చును. నడచుటకైన చాలును, వెలకు చాలదు. 1967లో తయారైన కార్వెట్లు 22,940. వానిలో సామాన్యమైనది 327 ఘనపుటంగుళముల, 300 అశ్వశక్తి ఇంజను. మూడు కార్బురేటర్లు గల 435 అశ్వశక్తి ఇంజను 3,754 కార్లకు మాత్రమే అమర్చబడినది. దానికిని పైన, పందెములకై ఉద్దేశింపబడిన ఎల్ 88 అను ఇంజను గల కార్లు 20 మాత్రమే. ఆ యిరువదింటిలో ఒకటి 2014 జనవరిలో ఆరిజోనా రాష్ట్రమందలి స్కాట్స్‌డేల్ వేలములో 38 లక్షల 50 వేల డాలర్లకు పోయినది. ఇన్ని తరగతుల కార్లకును ఫైబరుగ్లాసు శరీరమొక్కటే. బానెట్టు మార్చిన చాలును, చిన్న ఇంజను కారు పెద్ద ఇంజను కారువలె కనబడును. భేదమంతయు లోపలి ఇనుపదిమ్మెలో నున్నది.

మన దేశములో వాహనపు ఆర్. సి. పుస్తకమునందు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రెండును వ్రాయబడి యుండును. ఇంజను మార్చినచో రవాణాశాఖకు తెలుపవలెను. అమెరికాలో ఆ కాలపు కార్ల యాజమాన్యపత్రమున సాధారణముగా వాహనపు గుర్తింపుసంఖ్య మాత్రమే ఉండును. ఇంజను ప్రసక్తి యుండదు. కావున పత్రము నూరుపాళ్ళు సక్రమమైనను ఇంజను ఎవరిదో అది చెప్పజాలదు. ఇంజనునే అడిగి తెలిసికొనవలెను.

ఇంజన్లు ఎందుకు మారినవి? యౌవనమున అవి పందెములలో పగిలినవి. గ్యారంటీ కాలములో చెడినవానికి కంపెనీయే క్రొత్తవి ఇచ్చినది. 1973లో పెట్రోలు కరవు వచ్చినప్పుడు తాగుబోతు ఇంజన్లను ఊడదీసి చిన్నవి పెట్టుకొన్నవారును కలరు. అప్పుడు అవి పాత బండ్లు. అసలు ఇంజనును దాచిపెట్టవలెనని ఎవరికి తోచును? తరువాత అవే కార్లకు లక్షల డాలర్ల వెల వచ్చినది. వెలతోపాటు, లేని అసలును కల్పించు విద్యయు వచ్చినది.

ఇక సాక్షులను ఒక్కరొక్కరినే పిలుతము. మొదటి సాక్షి గుర్తింపుసంఖ్య. 1967 కార్వెట్టునందు ఇది గ్లవ్ బాక్సు క్రింది అడ్డకమ్మిపై చిన్న పలకమీద కనబడును. 194677ఎస్, ఆపై ఆరంకెల వరుససంఖ్య. మొదటి 1 షెవర్లే సంస్థకు గుర్తు, 94 కార్వెట్టునకు, 67 పైకప్పు తీయదగిన నమూనాకు, తరువాతి 7 సంవత్సరమునకు, ఎస్ అనునది మిస్సోరి రాష్ట్రమందలి సెయింట్ లూయిస్ కర్మాగారమునకు. ఇందు ఇంజను మాట ఎక్కడను లేదని గమనింతురుగాక. కార్వెట్టు సంఖ్యలో ఇంజనును తెలుపు అక్షరము చేరినది 1972 నమూనానుండి మాత్రమే. ఆ ప్రక్కనే మరియొక పలకపై కారు శరీరము తయారైన తేదీ సంకేతముగా నుండును. అందు ఏ అను అక్షరము జనవరి కాదు. ఆ నమూనా సంవత్సరము ఆరంభమైన నెల. ఇచ్చటనే చాలమంది పొరబడుదురు.

రెండవ సాక్షి ఇంజను దిమ్మెపై చదునైన చిన్న గద్దె. అక్కడి కార్లలో డ్రైవరు ఎడమవైపున కూర్చుండును; కావున ప్రయాణికుని వైపు, అనగా కుడివైపు సిలిండరు హెడ్డునకు ముందుభాగమున ఇది యుండును. దీనిపై రెండు ముద్రలుండవలెను. ఒకటి ఇంజను కూర్చిన కర్మాగారపు ముద్ర. పెద్ద ఇంజన్లు న్యూయార్కు రాష్ట్రమందలి టోనవాండాలోను, చిన్నవి మిషిగన్‌లోని ఫ్లింట్‌లోను తయారైనవి. టి అనగా టోనవాండా. తరువాత నెల, దినము. చివర ఇంజను రకము. 435 అశ్వశక్తి ఇంజన్లలో ఒక ముఖ్యమైన రకమునకు గుర్తు జె ఇ. రెండవ ముద్ర ఆ కారు యొక్క వరుససంఖ్య. అది సెయింట్ లూయిస్‌లో, ఇంజను కారునకు కేటాయింపబడిన పిమ్మట కొట్టబడినది. ఈ రెండు ముద్రలును వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు చేతులు, వేర్వేరు దినములలో వేసినవి. రెండింటి అక్షరముల పొందికయు లోతును ఒక్కతీరుననే యున్నచో సంతోషింపరాదు, సందేహింపవలెను.

మూడవ సాక్షి ఆ గద్దె యొక్క నేల. కర్మాగారమున బ్రోచింగ్ యంత్రము దిమ్మె పైభాగమును ఒక్క యీడ్పుతో చదును చేసినప్పుడు, ముందునుండి వెనుకకు సన్నని సమాంతర రేఖలు పడును. పాత అంకెలను అరగదీసి క్రొత్తవి కొట్టినచో ఈ రేఖలు మాయమగును, లేదా వంకరగా, గుండ్రముగా మారును. నేర్పరులైన మోసగాండ్రు ఆ రేఖలను కూడ అనుకరింపజూతురు. అందుచే ఈ సాక్ష్యమొక్కటే చాలదు. మరియొక హెచ్చరిక: గద్దెపైని జిడ్డును కిరసనాయిలువంటి ద్రావకముతో మెత్తని గుడ్డతో తుడువవలెనే కాని, ఉప్పుకాగితముతోగాని తీగబ్రష్షుతోగాని రుద్దరాదు. సాక్షి నోరు మనమే మూసినట్లగును.

నాల్గవ సాక్షి పోత. కరిగిన ఇనుమును అచ్చులో పోసినప్పుడే దిమ్మెపై ఉబ్బెత్తుగా ఏర్పడిన అంకెలివి. పోతసంఖ్య వెనుకవైపున, గేరుబాక్సు కలియుచోట ఉండును. అది దిమ్మె ఏ జాతిదో చెప్పును. పోసిన తేదీ ఈ పెద్ద ఇంజన్లలో కుడిప్రక్క క్రిందిభాగమున, స్టార్టరు సమీపమున కనబడును. ఇందు ఏ జనవరి, బి ఫిబ్రవరి, ఇట్లు ఎల్ వరకు. ఆపై దినము, సంవత్సరపు చివరి అంకె. గద్దెపై ముద్ర కొట్టుట సులభము. ఉబ్బెత్తు అంకెను మార్చుట అంతకంటె కష్టము. అందుచే ఈ మూలనున్న సాక్షి మాటకు విలువ హెచ్చు.

అయిదవ సాక్షి కాగితములు. మొదటి అమ్మకపు రసీదు, గ్యారంటీ పుస్తకము ఉన్న మేలు. 1967 ప్రాంతమునుండి కార్వెట్టు పెట్రోలు ట్యాంకు పైభాగమున, ఆ కారునకు అమర్చవలసిన భాగములన్నిటిని తెలుపు కాగితము అంటింపబడి యుండెడిది. ట్యాంకు దింపినగాని అది కనబడదు; చాలచోట్ల తుప్పుతో కలిసి శిథిలమైనది. దొరకినచో మాత్రము గొప్ప ఆధారము.

ఈ అయిదుగురిలో ఏ ఒక్కరి మాటయు తీర్పు కాదు. కాలక్రమము కుదరవలెను. మొదట పోత, పిదప ఇంజను కూర్పు, ఆ పిదప కారు తయారగుట. ఒకదానికి నొకటికి నడుమ కొన్ని దినములుగాని కొన్ని నెలలుగాని ఉండవచ్చును. వరుస మాత్రము తారుమారు కారాదు.

ఒక కంపెనీ పద్ధతిని మరియొక దానికి అంటగట్టరాదనియు చెప్పవలెను. ఫోర్డు వారి మస్టాంగ్ కారు సంఖ్యలో అయిదవ స్థానమున ఇంజను అక్షరముండును. 1965 మొదలు 1967 వరకు కె అనగా 289 ఘనపుటంగుళముల 271 అశ్వశక్తి ఇంజను. ఆ కె ఇంజన్లపై కారు సంఖ్య కొట్టిరి. ఆ యేండ్ల సామాన్యపు ఇంజన్లపై కొట్టలేదు. అట్టిచోట సంఖ్య లేకపోవుట దోషము కాదు, ఉండుటయే అనుమానాస్పదము. పాంటియాక్ జి. టి. ఓ. కారు 1964, 1965 సంవత్సరములలో వేరొక నమూనాపై ఐచ్ఛికముగా అమ్మబడినది గనుక గుర్తింపుసంఖ్య చూచి దానిని పోల్చుకొనలేము. 1966 నుండి దానికి 242 అను సొంత గుర్తు వచ్చినది. అయితే పాంటియాక్ కార్ల కర్మాగారపు రికార్డుల ప్రతులు రుసుము చెల్లించి పొందవచ్చును. ఫోర్డు కార్లకు 1967 నమూనానుండి అట్టి వివరములు లభించును. కార్వెట్టు కొనువారికి ఆ సౌకర్యము లేకపోవుటచేతనే ఇనుముపై ఇంత ఆధారపడవలసి వచ్చినది.

అన్నగారి కథకు వత్తము. పలకమీది సంఖ్యయు గద్దెమీది సంఖ్యయు కలిసినవి. ఇంజను కూర్పు ముద్ర టి 0310 జె ఇ. అనగా మార్చి 10. కారు శరీరము మార్చి చివరివారమున తయారైనట్లు పలక చెప్పుచున్నది. అంతయు పొందికగానే యున్నది. వృద్ధుడు చిరునవ్వుతో కాఫీ తెచ్చి యిచ్చెనట. అప్పుడు అన్నగారు కారును జాక్కులపై ఎత్తించి, స్టార్టరు ప్రక్కన అద్దము పెట్టి చూచిరి. ఇ 17 7. మే 17, 1967. బిడ్డ పుట్టుటకు రెండు నెలలు ముందే బారసాల జరిగినట్లు, పోయబడని ఇనుముతో ఇంజను కూర్చినట్లు ఆ ముద్ర చెప్పుచున్నది. దిమ్మె సరియైన జాతిదే, సరియైన సంవత్సరముదే. కాని ఈ కారుది కాదు.

ఆయన అద్దమును వృద్ధుని చేతికిచ్చి, ఏమియు అనక, దీపము పట్టి నిలుచుండిరి. వృద్ధుడు చాలసేపు చూచెను. తాను ఇరువదియేండ్ల క్రిందట ఆ గద్దెమీది అంకెలు చూచియే, అసలు ఇంజను వెలయిచ్చి కొంటినని, క్రింది తేదీ చూడవలెనని తనకు ఎవరును చెప్పలేదని మెల్లగా ననెను. ముద్ర కొట్టినవాడు ఎవడో, ఎప్పుడో! నష్టము మాత్రము ఆ సాయంకాలము ఆయన గుమ్మము ముందు వచ్చి నిలిచినది.

ఇట్టివేళ న్యాయమేది? సంఖ్య కలియని కారెల్ల మోసపు కారు కాదు. మరమ్మతులో దిమ్మె పైభాగమును చెక్కినప్పుడు అసలు అంకెలే చెరిగిపోయిన ఇంజన్లు కలవు. కంపెనీ స్వయముగా ఇచ్చిన మారు ఇంజన్లపై 1968 తరువాత సి ఇ అను ముద్ర కనబడును. అది దాచుకొనదగిన కళంకము కాదు. మారిన ఇంజనుతో కారు హాయిగా నడచును. ఉన్నదున్నట్లు చెప్పి తగిన వెల అడిగిన దోషము లేదు. కారును పూర్వరూపమునకు తెచ్చుటకే అంకెలు కొట్టితిమి అనువారు మాత్రము, ఆ మాటను అమ్మకపు పత్రముపై వ్రాయుదురా అని అడిగిచూడవలెను.

కొనువారు చేయవలసినది స్వల్పము. డబ్బు చేతులు మారుటకు ముందే తెలిసినవానిచే చూపించుకొనుట. పోతతేదీ, కూర్పుతేదీ, కారుతేదీ ఒక కాగితముపై వరుసగా వ్రాసికొనుట. అసలు ఇంజను అను మాటను అమ్మకపు పత్రములోనికి ఎక్కించి, తప్పని తేలినచో సొమ్ము తిరిగి యిచ్చు షరతు పెట్టుట. చూడనీయని యజమానికి నమస్కరించి వచ్చుట.

అన్నగారు ఆ కారు కొనలేదు. వారము దినముల తరువాత ఆ ప్రకటన మరల కనబడినది. ఫోటో అదియే, వెల చాల తగ్గినది. అసలు ఇంజను అను మాట ఉండినచోట, ఇంజను తరువాత అమర్చినది, పోతతేదీ మే 17 అని వ్రాసియున్నది. ఆ వృద్ధుడు మరియొక కొనుగోలుదారునకై, అద్దము తేని కొనుగోలుదారునకై కాచుకొని యుండవచ్చును. అట్లు చేయలేదు. ఆ ముద్ర ఎన్ని చేతులు మారి వచ్చినదో కాని, అబద్ధము ఆయన యింట ఆగిపోయినది.