వెనక వచ్చేవారికి తోడుగా



'టెక్నాలజీ, మన యువత' గురించి మాట్లాడమన్నారు. హాస్టల్లో పిల్లల మధ్య ఉండేవాళ్లం కాబట్టి మాకు ముందుగా గుర్తొచ్చేది ప్రొఫెసర్ రాజ్ రెడ్డి గారు. ఆయన 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు అనే పల్లెలో పుట్టారు. వాళ్ల ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆయనే. మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరారు. 1966లో స్టాన్‌ఫోర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. మనిషి మాటను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేయడం ఆయన ఎంచుకున్న పని. 1994లో కంప్యూటర్ రంగంలో అతి పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

అయితే మీకు చెప్పాలనుకున్నది అవార్డు గురించి కాదు, ఆయన శిష్యులను పెంచిన తీరు గురించి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆయన దగ్గర కై ఫూ లీ అనే తైవాన్ కుర్రాడు పరిశోధన చేసేవాడు. గురువు చెప్పిన పద్ధతి వదిలి, ఎంతోమంది గొంతులు రికార్డు చేసి, వాటి లెక్కల నుంచే కంప్యూటర్‌కు మాట నేర్పుతానన్నాడు. రెడ్డి గారికి ఆ దారి మీద నమ్మకం లేదు. అయినా కాదనలేదు, కావలసిన సాయమంతా చేశారు. అలా తయారైందే స్ఫింక్స్. ఎవరు మాట్లాడినా గుర్తుపట్టే తొలి వ్యవస్థల్లో అది ఒకటి.

2008లో పల్లె పిల్లల కోసం మన బాసరలో, నూజివీడులో, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీలు మొదలయ్యాయి. వాటి వెనక ఆయన ఆలోచన ఉంది, ఆ యూనివర్సిటీకి తొలి కులపతి కూడా ఆయనే. పదో తరగతి మార్కుల మీద సీటు వస్తే రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్ ఒకేచోట చదవొచ్చు. పదో తరగతి తర్వాతే మన పిల్లలు ఎక్కువగా చదువు మానేస్తారని మాకు తెలుసు. సరిగ్గా ఆ మలుపులోనే ఆ తలుపు ఉంది.

ఇక మన భాష సంగతి. నార్నూర్ దగ్గరి గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అక్షరాలైతే చేరాయి, మాట చేరడానికి ఇంకా చాలా పని ఉంది. మన అవ్వ ఫోన్‌తో గోండిలో మాట్లాడితే అది బదులివ్వాలంటే, వందల గంటల మన గొంతులు రికార్డు కావాలి, వాటిని తప్పు లేకుండా రాసిపెట్టాలి. భాష తెలిసినవాళ్లు తప్ప ఆ పని ఇంకెవరూ సరిగా చేయలేరు.

అందుకే మిమ్మల్ని రెండు అడుగుతున్నాం. డిగ్రీ, బీటెక్ దాకా వచ్చిన ప్రతి ఒక్కరూ మీ గూడెంలో పదో తరగతి చదివే ఒక్కరి చేయి పట్టుకోండి. దరఖాస్తు నింపించండి, కులం సర్టిఫికెట్ ముందే తీయించండి. కొత్త చోట బెంగపడి ఇంటికొచ్చేస్తానని ఏడిస్తే, ఆ నెల రోజులు ఫోన్ చేసి మాట్లాడండి. వాళ్లు మీరు చెప్పిన కోర్సు కాక ఇంకోటి ఎంచుకున్నా అలిగి వదిలేయకండి.

రెండోది, దండారి రోజుల్లో ఊరికొచ్చినప్పుడు పెద్దల కథలు వాళ్ల అనుమతితో రికార్డు చేసి, పక్కనే రాసి దాచండి. ఆ గొంతులు ఎల్లకాలం ఉండవు.

ఈ రెండూ చేయడానికి పెద్ద ఉద్యోగం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.

జై సేవా.