సినిమా చూశాక మాట్లాడుకుందాం

(భిలాయ్ సెక్టర్ 4లో మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు పెన్షన్ గురించో, ఇ.సి.హెచ్.ఎస్. గురించో చెప్తానని చాలామంది అనుకుని ఉంటారు. ఆ సంగతులు నాకంటే బాగా తెలిసినవారు మనలో ఉన్నారు. నేను చదివింది ఇంటర్మీడియెట్. ఆ తర్వాత చదువంతా పల్టన్‌లోనే. కానీ సినిమాలు మాత్రం మానకుండా చూస్తాను. సినిమా చూసి వచ్చాక మనం ఏం మాట్లాడుకుంటున్నాం, ఎలా మాట్లాడుకుంటున్నాం అన్నదే ఈ రోజు నా విషయం. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మన పిల్లల తెలుగు దీని మీదే ఆధారపడి ఉందని నా నమ్మకం.

ఈ ఊరి సంగతి మీకు తెలిసిందే. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ప్లాంటు పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి వచ్చాయి. వాళ్ల పిల్లల్లో కొందరు ప్లాంటులో చేరారు, మాలాంటి కొందరం ఫౌజులో చేరాం. ఇప్పుడు మనవల కాలం నడుస్తోంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లలే తక్కువ. కానీ కొత్త సినిమా వచ్చిందంటే మాత్రం తాత దగ్గర కూచుని కబుర్లు చెప్తారు. ఆ పది నిమిషాలే వాళ్లకి తెలుగు బడి.

ఇప్పుడు పెద్ద సినిమాలన్నీ ఒకే రోజు హిందీలోనూ వస్తున్నాయి. 2024 డిసెంబరులో పుష్ప-2 అలాగే వచ్చింది. మన పిల్లల్లో చాలామంది హిందీలోనే చూశారు. చూడనివ్వండి, తప్పు లేదు. చూసి వచ్చాక ఇంట్లో మాట తెలుగులో జరిగితే చాలు.

తొంభైలలో మా యూనిట్ కొండల మీద ఉండేది. తెలుగు సినిమా కంటికి కనిపించేది కాదు. ఎవరైనా సెలవు నుంచి తిరిగొస్తే ఆవకాయతో పాటు ఒక సినిమా కథ కూడా తెచ్చేవాడు. రోల్ కాల్ అయ్యాక, లంగర్‌లో రొట్టెలు తిన్నాక అందరం చుట్టూ చేరేవాళ్లం. మొదటి సీను నుంచి చివరి వరకు కళ్లకు కట్టినట్టు చెప్పేవాడు. కథ పూర్తయ్యేదాకా బాగుంది, బాగోలేదు అన్న మాట ఎవరూ అనకూడదు. మాలో ఒకాయనది రాయలసీమ, ఒకాయనది గోదావరి జిల్లా, ఒకాయనది కరీంనగర్. ముగ్గురికీ ముగ్గురు హీరోలు. వాదించుకునేవాళ్లు. కానీ పొద్దున్నే ఒకే తాడు పట్టుకుని కొండ ఎక్కాలి కనుక రాత్రి తగాదా తెల్లవారేదాకా ఉండేది కాదు.

ఇప్పుడు పరిస్థితి వేరు. ఆదివారం సాయంత్రం పదిమందిమి కూడినప్పుడు సినిమా ఎలా ఉందని అడిగితే ఎన్ని కోట్లు వచ్చాయో చెప్తున్నారు. కోట్లు నిర్మాతకి వస్తాయి. మనకి మిగిలింది ఏమిటో చెప్పాలి కదా! ఈ మధ్య మన కుర్రాడొకడు, ఫలానా సినిమాలో యూనిఫాం సరిగా లేదు కదా అంకుల్ అని అడిగాడు. మంచి ప్రశ్న. ఇద్దరు పెద్దవాళ్లు వాడి మీద విరుచుకుపడ్డారు, మా హీరోని అంటావా అని. ఆ కుర్రాడు మళ్లీ మన దగ్గరికి రాలేదు. హీరో గారికి పోయిందేమీ లేదు. మనకి ఒక తెలుగు కుర్రాడు పోయాడు.

బాగా మాట్లాడుకున్న రోజులూ ఉన్నాయి. సంకల్ప్ రెడ్డి గారి ఘాజీ 2017లో వచ్చింది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి కథ అది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్ల మునిగిందని మన నౌకాదళం చెప్తుంది. లోపలే పేలుడు జరిగిందని పాకిస్తాన్ అంటుంది. సినిమాలో మాత్రం మన జలాంతర్గామి ముంచినట్టు చూపించారు. నేవీలో పనిచేసిన మన పెద్దాయన ఒకరు ఇదంతా వివరించి, "చరిత్ర పాఠంలా చూడకండి నాయనా, ఆ ఇరుకులో మనుషులు ఎలా ఉంటారో చూడండి" అన్నారు. పిల్లలు గంటసేపు కదల్లేదు.

2022లో మేజర్ వచ్చింది. 2008లో ముంబయి తాజ్ హోటల్లో వీరమరణం పొందిన సందీప్ ఉన్నికృష్ణన్ గారి కథ. మగవాళ్లం అందరం కాల్పుల గురించే మాట్లాడాం. ఒక వీరనారి మాత్రం, "ఆ తల్లిదండ్రులు కబురు కోసం కాసుక్కూచున్న సీన్ల గురించి ఎవరూ అనరేం?" అని అడిగింది. ఆమె ఆ ఒక్క మాట అన్నాక సినిమా మాకు వేరేగా కనిపించింది.

2025 ఫిబ్రవరిలో తండేల్ వచ్చింది. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్ నుంచి వేటకెళ్లి 2018లో పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికి చేరారు. ఆ సంఘటనల ఆధారంగా తీసిన సినిమా. జైలు సీన్లు నాకంత నచ్చలేదు. ఒడ్డున ఆడవాళ్లు ఎదురుచూడటం నచ్చింది. ఉత్తరం రాని ఇల్లు ఎలా ఉంటుందో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. తండేల్ అంటే ఏమిటని పిల్లలు అడిగితే, వేటకెళ్లే పడవకి నాయకుడని మన అమ్మమ్మలు చెప్పారు. ఆ తర్వాత వల గురించి, తుఫాను గురించి, ఊరి గురించి కబుర్లు సాగాయి. ఆ సాయంత్రం పిల్లలు నేర్చుకున్న తెలుగు మాటలు ఏ పుస్తకంలోనూ నేర్చుకుని ఉండరు.

అంచేత నాదొక మనవి. మనకు తెలిసిన ఫౌజీ పద్ధతే పెట్టుకుందాం. ముందు రిపోర్టు, తర్వాత అభిప్రాయం. అంటే ఏం చూశావో చెప్పు, ఆ తర్వాత నచ్చిందో లేదో చెప్పు. ఎందుకు నచ్చిందో చెప్పలేకపోతే ఇంకోసారి ఆలోచించు. మీరు చేసిన పని దగ్గర నుంచి మాట్లాడండి. డ్రైవరు బండి గురించి, నర్సింగ్ అసిస్టెంటు గాయం గురించి, సిగ్నల్స్ ఆయన రేడియో గురించి చెప్తే అది ఏ పత్రికలోనూ దొరకని సమీక్ష.

ఇంకొకటి. కోర్టు మార్షల్‌లో సభ్యుల అభిప్రాయం అడిగేటప్పుడు అందరికంటే జూనియర్‌తో మొదలుపెడతారు. పెద్దాయన ముందే చెప్పేస్తే చిన్నవాడు సొంత మాట చెప్పడానికి జంకుతాడు. ఒక మనిషి భవిష్యత్తు తేల్చేచోటే ఈ నియమం ఉంటే, సినిమా దగ్గర మనకేం కష్టం? ముందు పిల్లల్ని మాట్లాడనివ్వండి. తెలుగు తడబడితే నవ్వకండి. మాట అందించండి. వాళ్ల హీరోని మీరు ఒప్పుకోనక్కర్లేదు, వాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగితే చాలు.

సరిహద్దులో మనం కాపలా కాసింది నేల కోసమే కాదు, ఆ నేల మీద వినిపించే మాటల కోసం కూడా. ఊరికి ఇంత దూరంలో తెలుగు మాట నిలవాలంటే వినేవాళ్లు ఉండాలి. వచ్చే ఆదివారం నుంచి ఆ వినేవాళ్లం మనం అవుదాం. ఆ కుర్రాడి ఇల్లు మీకు తెలుసు. వెళ్లి పిలుచుకొద్దాం.

జై హింద్.